పల్నాటి కథకు బాణీ కట్టినవారి వాటా

పల్నాటి యుద్ధం తెలుగు తెరమీదికి రెండుసార్లు వచ్చింది. 1947 నాటి సినిమాను గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టారు. అది పూర్తికాకముందే 1946లో ఆయన కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ ముగించారు. అందులో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు. సంగీతం గాలిపెంచల నరసింహారావు. పందొమ్మిదేళ్ళ తర్వాత 1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో అదే కథ మళ్ళీ వచ్చింది. ఈసారి ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. ఈ రెండు సినిమాల గురించి రాసినవాళ్ళు నటుల్ని పోల్చారు, సంభాషణల్ని పోల్చారు, ఏ నాగమ్మ గొప్ప అని తర్కించారు. సంగీతం కట్టిన ఇద్దరూ ఏ షరతుల మీద ఆ పనికి ఒప్పుకొని ఉంటారు, పని ముగిశాక ఆ బాణీల మీద వాళ్ళకు ఏ హక్కు మిగిలింది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది. సినిమా సంగీతాన్ని ప్రాణంలా చూసుకునే జాతి మనది. ఆ సంగీతం చేసినవారి బతుకుతెరువు గురించి ఇంత తక్కువ ఆలోచించడం న్యాయం కాదు.

ఏ సంస్థలోనూ ఉద్యోగం లేకుండా, సినిమాకింత, డాక్యుమెంటరీకింత అని మాట్లాడుకొని పనిచేసే ఫ్రీలాన్స్ సంగీత దర్శకుణ్ణి మనం ఈ కాలపు మనిషి అనుకుంటాం. స్టూడియోలూ కంప్యూటర్లూ వచ్చాక పుట్టిన వృత్తి అనుకుంటాం. పల్నాటి కథ నడిచొచ్చిన దారి చూస్తే అది నిజం కాదనిపిస్తుంది. ఒక కథకు ప్రతిఫలం తీసుకొని సంగీతం సమకూర్చే పని ఈ నేలమీద ఆరువందల ఏళ్ళుగా ఏదో ఒక రూపంలో ఉంది. కాలంతో మారింది ప్రతిఫలం లెక్క. వాటా పోయి రాత్రికూలీ వచ్చింది, ఆ తర్వాత నెలజీతం, చివరికి సినిమాకో మొత్తం. ఈ మార్పుల్లో ప్రతిచోటా సంగీతకారుడికి కొంత స్వేచ్ఛ దక్కింది, దాంతోపాటే తాను చేసిన సంగీతం మీద హక్కు కొంత జారిపోయింది. ఈ రెండూ ఒకే బేరంలో జరిగాయన్నది నా వాదన. అది గుర్తిస్తే తప్ప నేటి ఫ్రీలాన్సర్ కష్టం ఎక్కడుందో తెలియదు.

మొదటి సాక్ష్యం వినుకొండ వల్లభరాయని పేర దక్కిన క్రీడాభిరామంలో ఉంది. ఆ కావ్యం శ్రీనాథుడిదేనని వాదించిన పండితులున్నారు, ఆ తగాదా ఇక్కడ అక్కర్లేదు. కథ జరిగేది ఓరుగల్లులో. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఊరు చూస్తూ తిరుగుతుండగా ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడుతూ కనబడుతుంది. ఆమె ద్రుతతాళంలో పాడుతోందనీ, తానే వాయించుకుంటోందనీ, ఎత్తుకున్నది ద్విపద అనీ, ఆ పాటకు కుర్రవాళ్ళు కేకలు పెడుతూ తూలిపోతున్నారనీ కవి ఒక్క పద్యంలో చెప్పేశాడు. నేటి రీరికార్డింగ్ గదిలో దర్శకుడూ సంగీత దర్శకుడూ కూర్చుని మాట్లాడుకునేవి కూడా ఇవే. వేగం ఎంత, వాద్యం ఏది, నడక ఏది, ఈ ఘట్టంలో వినేవాడికి ఏమవ్వాలి. వల్లభరాయడికి కథ తెలుసు కాబట్టి కథ సంగతి వదిలేసి, కథను నడిపిస్తున్న సంగీతాన్ని పట్టుకున్నాడు. పల్నాటి వీరుల పాట అప్పటికే గురజాల సీమ దాటి కాకతీయుల నగరానికి చేరిందంటే దాన్ని మోసుకెళ్ళినవాళ్ళకు అది జీవనమై ఉండాలి. ఇది ఊహే. అయినా, నగరవీధిలో వాద్యం పట్టి ద్విపద పాడే మనిషి పొట్టకూటికి సంబంధం లేకుండా పాడిందనుకోవడం కంటే బలమైన ఊహ. ఇంత శ్రద్ధగా ఆమె పాటను విన్న కవి ఆమె పేరు మాత్రం చెప్పలేదు.

శ్రీనాథుడి పేర ఉన్న పల్నాటి వీరచరిత్ర కూడా ద్విపదే. నైషధం లాంటి కావ్యాన్ని గద్యపద్యాలు కలిపి చంపువుగా నడిపిన కవి ఈ కథ దగ్గరికి వచ్చేసరికి ద్విపద ఎత్తుకోవడానికి కారణం వెతికితే, కథ అంతకు ముందే పాటగా స్థిరపడి ఉందన్న సంగతే దొరుకుతుంది. రెండేసి పాదాల నడక వాద్యానికి కట్టుబడుతుంది, కావాలంటే సాగుతుంది, కావాలంటే తెగుతుంది. అంటే బాణీ ముందు, కావ్యం తర్వాత. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ఆ గ్రంథాన్ని అచ్చువేయించాక పల్నాటి చరిత్ర పండితుల చర్చకు వచ్చింది. బ్రహ్మనాయుడి చాపకూడు అనే సహపంక్తి భోజనం గురించి, నాగమ్మ రాజనీతి గురించి, యుద్ధం 1170లలో జరిగిందా 1180లలోనా అన్నదాని గురించి వాదాలు సాగాయి. అచ్చులోకి మాటలు వచ్చాయి గాని పాట రాలేదు. అప్పటినుంచి ఈ కథకు కర్త ఎవరు అంటే కవి పేరే చెప్పడం అలవాటైంది. బాణీకి కూడా కర్తలుంటారన్న స్పృహ లేకుండా పోవడం అక్కడే మొదలైందని నాకు తోస్తుంది.

ఆ బాణీ బతికిన చోటు కారంపూడి. నాగులేటి ఒడ్డున ఏటా కార్తీక అమావాస్య నాడు మొదలై అయిదు రోజులపాటు వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. ఆ రోజులకు పేర్లున్నాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరుల ఆయుధాలను కొణతాలుగా పూజించే ఆచారవంతులు ఒకవైపు, కథ పాడే వీరవిద్యావంతులు ఒకవైపు. ఈ పాడేవాళ్ళు మాల కులస్థులు, తరతరాలుగా ఇది వాళ్ళ విద్య. పంబ, తిత్తి, తాళాల తోడుగా పాటా వచనమూ కలిపి నడిపిస్తారు. ఇది కచేరీ కాదని తెలియడానికి ఆ అయిదు రోజుల పేర్లే చాలు. రాయబారం నాడు అలరాజు రాయబారం, కోడిపోరు నాడు కోడిపందెం, మందపోరు నాడు ఆలమంద మీద దాడి. కళ్ళెదుట ఆచారంగా జరుగుతున్న ఘట్టానికి పాట తోడు రావాలి, దాని వేగాన్ని పాట వేగం అందుకోవాలి, పూనకం వచ్చిన మనిషిని వాద్యం నిలబెట్టాలి. దృశ్యం ఒకటి ముందుండగా దానికి కాలప్రమాణం తప్పకుండా సంగీతం అమర్చడమే సినిమాకు నేపథ్య సంగీతం చేయడమంటే. వీరవిద్యావంతుల పని దానికి పూర్వరూపమంటే కొందరికి అతిశయోక్తి అనిపించవచ్చు. రెండు సినిమాల్లోనూ కథను నిలబెట్టిన ఘట్టాలు ఈ అయిదు రోజుల ఘట్టాలే కదా. మద్రాసు స్టూడియోలో ఆ దృశ్యాలకు సంగీతం ఆలోచించినవారు, తెలిసో తెలియకో, కారంపూడిలో శతాబ్దాలుగా జరుగుతున్న పనినే మరో వాద్యబృందంతో చేశారు.

ఈ పాటకు ప్రతిఫలం ఏమిటి? ఆంధ్రదేశపు ఊళ్ళలో వంశపారంపర్యంగా కథలు చెప్పేవాళ్ళకు, వాద్యాలు వాయించేవాళ్ళకు దక్కినది స్థూలంగా మాన్యం, కళ్ళంలో కొలిచే గింజలు, పండగనాటి సంభావన. అందులో నాణెం తక్కువ, హక్కు ఎక్కువ. ఆ తిరునాళ్ళలో ఆ పాట పాడేది వాళ్ళే, వేరొకరు పాడకూడదు. ఏటా పాట తిరిగి వచ్చినప్పుడల్లా ప్రతిఫలం కూడా తిరిగి వస్తుంది. నేటి భాషలో దీన్ని రాయల్టీ అనాలి. పాట ఒకసారి కట్టి అమ్మేసే సరుకు కాదు. అది పాడిన ప్రతిసారీ పాడినవాళ్ళకు ఏదో ఒకటి అందుతూనే ఉండాలన్న ఒప్పందం ఆ ఏర్పాటులో ఉంది.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి వస్తుంది, రావాలి కూడా. ఆ హక్కు కులం కట్టిన కంచె లోపలి హక్కు. పాట ఆపి వేరే పని చేసుకుంటానంటే ఊరు ఒప్పుకుంటుందా? గింజలు కొలిచేవాడి దయ మీద బతకడం వాటా అవుతుందా? వీరుల కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక పంక్తిలో కూర్చోబెట్టాడని పాడిన గొంతులు, పాట ముగిశాక ఏ పంక్తిలోకి వెళ్ళాయి? ఈ ప్రశ్నలకు ఎదురు చెప్పలేం, చెప్పాలని కూడా నాకు లేదు. పాత ఏర్పాటు మేలని నేననడం లేదు. పాట మీద హక్కూ, మనిషికి స్వేచ్ఛా అన్న రెండూ మన చరిత్రలో ఒకే మనిషికి ఒకే కాలంలో దక్కలేదన్నదే నేను చూపిస్తున్నది. వీరవిద్యావంతుడికి మొదటిది ఉంది, రెండోది లేదు. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి చట్టంతో ఇనాములు రద్దయి పట్టాలుగా మారాక ఇలాంటి సేవలకూ భూమికీ ఉన్న పాత ముడి చట్టప్రకారం తెగిపోయింది. తెగడం మంచిదే. ఆ ముడిలో ఇమిడి ఉన్న ‘పాడిన ప్రతిసారీ ప్రతిఫలం’ అన్న సూత్రాన్ని మరో రూపంలో నిలబెట్టే ప్రయత్నం మాత్రం అప్పుడెవరూ చేయలేదు.

ఈలోగా నాటకరంగం ఇంకో పద్ధతి తెచ్చింది. పద్యనాటకాల వెలుగు కాలంలో గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కాంట్రాక్టర్లు పేరున్న నటులను విడివిడిగా మాట్లాడి, రాత్రికింత అని ఇచ్చి, ఒక్క ప్రదర్శనకు జట్టు కట్టేవారు. కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు మరో ఊరి నుంచి. రిహార్సలు ఉండదు, రంగస్థలం మీదే కలుసుకోవడం. అలాంటి రాత్రి నాటకం మొత్తాన్ని ఒక శ్రుతిలో పట్టి ఉంచేది హార్మోనిస్టు. పద్యానికి ముందు రాగం అందించాలి, నటుడు దీర్ఘం తీస్తే వెంట పోవాలి, వన్స్‌మోర్ వస్తే మళ్ళీ మొదలెత్తాలి, తెర మారే వ్యవధిని నింపాలి. ఏ ఊరి జమీందారుకూ, ఏ గుడికీ కట్టుబడని మనిషి అతడు. ఈ జిల్లాల్లో కథకు సంగీతం సమకూర్చే పనిలో నిజమైన మొదటి ఫ్రీలాన్సర్ హార్మోనిస్టే అని నేను లెక్కవేస్తాను. స్వేచ్ఛ వచ్చింది. మర్నాడు అదే నాటకం మరో హార్మోనిస్టుతో జరిగితే నిన్నటివాడికి అందులో పైసా వాటా లేదు.

బుర్రకథ వీరవిద్యావంతుల పాటకూ హార్మోనిస్టు పనికీ మధ్య నిలిచింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పి ఊళ్ళను ఊపేశారు. ప్రజానాట్యమండలి వేదికలకు బుర్రకథను అస్త్రంగా మలిచినవారిలో ఆయనది పెద్ద పేరు, 1986లో పద్మశ్రీ వచ్చింది. కథ రాసేదీ, వరుస కట్టేదీ, తంబుర పట్టి ఆడేదీ ఒక్కరే అయినప్పుడు పాటను మనిషి నుంచి విడదీసి కొనడం కష్టం. నాజర్ కథ కావాలంటే నాజర్‌నే పిలవాలి. అదే పొన్నెకల్లులో 1936లో పుట్టిన కొమ్మినేని అప్పారావు మద్రాసు వెళ్ళి చక్రవర్తిగా వందల సినిమాలకు సంగీతం చేశారు. ఒకే ఊరివాళ్ళు, ఇద్దరూ జనాన్ని ఉర్రూతలూగించినవాళ్ళు. చక్రవర్తి పాట విననివాడు తెలుగునాట లేడు, ఆ పాట వినడానికి చక్రవర్తి అక్కడ ఉండనక్కర్లేదు. యంత్రం మీదికెక్కిన సంగీతం చేసినవాడితో పనిలేకుండా తిరగగలదు. అందుకే ఇక్కడినుంచి హక్కు ఎవరిదన్న ప్రశ్నకు కాగితం అవసరమైంది.

తెలుగు సినిమా మద్రాసులో స్థిరపడిన తొలి దశాబ్దాల్లో కొన్ని సంస్థలు సంగీత దర్శకుల్ని నెలజీతం మీద పెట్టుకున్నాయి. సాలూరి రాజేశ్వరరావు 1940లలో జెమినీలో అలా పనిచేసినవారే. చంద్రలేఖ నాటికి జెమినీ వాద్యబృందం ఎంత పెద్దదో ఆ సినిమా వింటే తెలుస్తుంది. బయటికి వచ్చాక 1951లో వాహినీవారి మల్లీశ్వరి. ఆ పైన ఏ సంస్థ పిలిస్తే ఆ సంస్థకు, ఒక్కో సినిమాకు ఒక్కో ఒప్పందం. 1966 నాటి పల్నాటి యుద్ధం ఆయన ఫ్రీలాన్స్ దశలోని సినిమా. జీతగాడికి నెలకింత అని నిబ్బరం ఉంటుంది, నచ్చని సినిమా కాదనే వీలుండదు. బయటివాడికి ఆ వీలుంటుంది, పిలుపు రాని నెల ఎలా గడవాలో తెలియదు. జీతంలో ఉండి బయట పనిచేయాలనుకున్నవారి అవస్థ ఇంకొకటి. ఆకాశవాణి ఉద్యోగి బాలాంత్రపు రజనీకాంతరావు సినిమాలకు మారుపేర్లతో పాటలు రాసి, బాణీలు కట్టాల్సి వచ్చింది. తన పాటకు తన పేరు పెట్టుకోలేని సంగీతకారుడి సంగతి తలుచుకుంటే, ఓరుగల్లు వీధిలో పేరులేకుండా మిగిలిన ఆ గాయని మళ్ళీ గుర్తొస్తుంది.

రీరికార్డింగ్ ఎలా జరిగేదో తెలిస్తే ఈ పని బరువు తెలుస్తుంది. వెయ్యి అడుగుల రీలు తెరమీద సుమారు పదకొండు నిమిషాలు నడుస్తుంది. ఆ రీలు ఆడిస్తూ, కదిలే బొమ్మకు సరిపోయేలా వాద్యబృందమంతా ఒకేసారి వాయించాలి. ఒకరు తప్పితే మళ్ళీ మొదటికి. స్టూడియో అద్దె గంటల్లో, వాద్యకారుల కూలి కాల్‌షీట్లలో లెక్క. విడుదల తేదీ ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి చిత్రీకరణలో జరిగిన ఆలస్యమంతా చివర సంగీతం మీద పడుతుంది. వాద్యకారులకు సకాలంలో కూలి అందడం కూడా ఒకప్పుడు పోరాటమే. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసులో సినీ వాద్యకారుల సంఘం నిర్మించి ఆ పోరాటానికి రూపమిచ్చారు. ఆయన స్వయంగా సంగీత దర్శకుడు, ఆదూర్ గోపాలకృష్ణన్ స్వయంవరం లాంటి సినిమాలకు పనిచేశారు. వాయించేవాళ్ళకు సంఘం వచ్చింది, కాల్‌షీటుకు రేటు వచ్చింది. పారితోషికం బేరంలో స్వరకర్తలు మాత్రం ఎవరికి వారుగానే మిగిలారు. ఒకే పనికోసం పోటీపడే కొద్దిమంది ఒకే మాటమీద నిలబడటం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

అసలు తీర్పు చట్టంలో జరిగింది. 1957 నాటి కాపీరైట్ చట్టం సంగీతాన్ని ఎలా నిర్వచించిందో చూడండి: ముద్రించినది, రాసినది, లేదా మరోలా లిపిలోకి ఎక్కించిన స్వరసమ్మేళనం. కాగితం మీద లేని సంగీతం ఆ చట్టం దృష్టిలో సంగీతకృతే కాదు. కారంపూడి పాటంతా ఆ ఒక్క వాక్యంతో బయట పడిపోయింది. హార్మోనియం ముందు కూర్చుని నోటితోనే బాణీ చెప్పే సంగీత దర్శకుడి స్థితి కూడా అనుమానంలో పడింది. ఇక 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి సినిమా తీయించినవాడు మొదటి హక్కుదారు. 1977లో సుప్రీంకోర్టు, స్వరకర్తల సంఘం అయిన ఐపీఆర్ఎస్‌కూ తూర్పు భారత నిర్మాతల సంఘానికీ మధ్య వచ్చిన కేసులో, నిర్మాత పురమాయించి చేయించుకున్న సంగీతం మీద హక్కు నిర్మాతదేనని తేల్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పుకు తన మాట విడిగా జతచేస్తూ, మన చట్టం కాపాడుతున్నది హృదయాన్ని కదిలించే గానాన్ని కాదు, కాగితం మీది స్వరాన్నేనని ఎత్తిచూపి, శాసనసభ్యులు ఆలోచించాలన్నారు. 1994లో నిర్వచనం మారింది. రాసినా రాయకపోయినా సంగీతం సంగీతమేనని, నొటేషన్ లేకున్నా స్వరకర్త స్వరకర్తేనని చట్టం ఒప్పుకుంది. ప్రదర్శకుల హక్కులు కూడా అప్పుడే చట్టంలోకి వచ్చాయి. 2012 జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో సినిమాలో వాడిన సంగీతానికీ సాహిత్యానికీ రాయల్టీలో సమాన వాటా వదులుకోలేని హక్కయింది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దానికోసం గట్టిగా నిలబడ్డారు.

నిర్మాతల వైపు నుంచి వచ్చే వాదన తీసిపారేయదగ్గది కాదు. అప్పు తెచ్చి సినిమా తీసేది నిర్మాత. సినిమా పోతే సంగీత దర్శకుడు తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వడు కదా, మరి వచ్చిన లాభంలో వాటా ఎందుకు? ఒప్పందం మీద సంతకం పెట్టింది కూడా ఇష్టపూర్వకంగానే. నష్టభయం మోసినవాడికి పెద్ద వాటా దక్కాలనడం సబబే. ఆ భయం తీరేది సినిమా హాళ్ళలో. ఆ తర్వాత రేడియో, క్యాసెట్టు, టీవీ, రింగ్‌టోన్, నేటి స్ట్రీమింగ్ దాకా పాట సంపాదించిన దానిలో నిర్మాత కొత్తగా మోసిన భయం ఏదీ లేదు. 2012 చట్టం గీత గీసింది కూడా సరిగ్గా అక్కడే: హాల్లో సినిమాతోపాటు వినిపించిన సంగీతానికి రాయల్టీ లేదు, బయటి వాడకానికి ఉంది. సంతకం సంగతంటారా, పిలుపు కోసం ఎదురుచూసే మనిషి సంతకంలో ఇష్టమెంతో, అవసరమెంతో విడదీయలేం. బలహీనుడు బేరంలో వదులుకోకుండా చట్టం ముందే ఆపింది అందుకే. 2017లో ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు పంపినప్పుడు మన అభిమానుల్లో చాలామంది నొచ్చుకున్నారు. ఇద్దరి మీదా ఉన్న ప్రేమ వల్ల ఆ నొప్పి సహజం. బాణీకి యజమాని ఉంటాడన్న సంగతి మనకెంత కొత్తో కూడా ఆ సందర్భం చూపించింది.

డాక్యుమెంటరీల సంగతి వేరు, అక్కడ చీకటి ఎక్కువ. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన చిత్రాలను ప్రతి హాల్లోనూ అసలు సినిమాకు ముందు వేయాలన్న నిబంధన దశాబ్దాలపాటు ఉంది. మాచర్లలోనైనా, నరసరావుపేటలోనైనా టికెట్టు కొన్న ప్రతి మనిషీ ఆనకట్టల మీద, పంటల మీద, టీకాల మీద ఆ పొట్టి చిత్రాలు చూశాడు, వాటి సంగీతం విన్నాడు. అది ఎవరు చేశారో కనుక్కున్నవాళ్ళు దాదాపు లేరు. ఆ సంస్థలో ఏళ్ళ తరబడి సంగీతం చేసిన వేణు విద్వాంసుడు విజయ రాఘవరావు మృణాల్‌సేన్ భువన్ షోమ్‌కూ, 1977లో తెలుగులో వచ్చిన ఒక ఊరి కథకూ సంగీతం ఇచ్చారు. మాటల మధ్య ఖాళీ ఎంత విలువైనదో, ఒక్క వేణువుతో ఎంత చెప్పవచ్చో ఆ పని నేర్పుతుంది. నేడు ఆ ఉద్యోగాలు లేవు. నాగార్జునసాగర్ మీదో, అనుపులో తిరిగి నిలబెట్టిన ఇక్ష్వాకుల నాటి రంగస్థలం మీదో, కోటప్పకొండ ప్రభల మీదో చిత్రం తీస్తే సంగీతం ‘ప్యాకేజీ’ మీద వెళుతుంది. ఒకే మొత్తం ఇస్తారు, అందులోంచే వాద్యకారులకు, స్టూడియోకు, మిక్సింగ్‌కు అన్నీ ఇవ్వాలి, మిగిలింది చేసినవాడిది. సంగీత దర్శకుడు చిన్న కాంట్రాక్టరుగా మారిపోయాడు. బాగా చేయాలని ఇద్దరు వాద్యకారుల్ని అదనంగా పిలిస్తే ఆ ఖర్చు తన ఇంటి ఖర్చులోంచే.

2012 సవరణ ఈ ఇబ్బందిని తీర్చేసిందని అనేవాళ్ళు చట్టాన్ని సగమే చదివారు. సినిమాలో చేర్చిన కృతుల కర్తల హక్కు చెడదన్న మినహాయింపు 17వ సెక్షన్‌లోని (బి), (సి) భాగాలకు మాత్రమే చెప్పారు. ప్రభుత్వం చేయించిన పని హక్కు ప్రభుత్వానిదే అనే (డి) భాగం ప్రస్తావన అందులో లేదు. మన దగ్గర డాక్యుమెంటరీలకు పెద్ద గిరాకీ ప్రభుత్వ శాఖలదే. పైగా రాయల్టీ రావాలంటే క్యూ షీట్ కావాలి. ఏ సంగీతం ముక్క చిత్రంలో ఎక్కడ మొదలై ఎన్ని సెకన్లు నడిచింది, ఎవరిది అని రాసిన పట్టిక అది. టీవీ చానలైనా స్ట్రీమింగ్ సంస్థయినా డబ్బు కట్టాలంటే ఆ పట్టికే ఆధారం. చిన్న డాక్యుమెంటరీల్లో చాలావాటికి అది తయారే కాదు. హక్కు పుస్తకంలో ఉన్నా వసూలు చేసే కాగితం లేదు.

ఇప్పుడు కారంపూడి మీద ఒక డాక్యుమెంటరీ అనుకుందాం. రాయబారం నాటి పాట రికార్డయింది. సంగీత దర్శకుడు ఆ పంబ నడకను తీసుకొని దాని కింద తంత్రీ వాద్యాలు పరిచి నేపథ్య సంగీతం చేశాడు. ఇలాంటి చోట ‘సాంప్రదాయికం’ అని ఒక్క మాట రాసి పాడినవాళ్ళను వదిలేయడం మామూలైంది. సంప్రదాయానికి కర్త ఉండడు కాబట్టి అందులో తప్పేముందని అడుగుతారు. కథకు కర్త లేకపోవచ్చు, ఆ పూట ఆ పాట పాడిన మనిషి ఉన్నాడు. జీన్ రోగెయిర్ 1970లలో ఈ కథ రికార్డు చేసి 1982లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసినప్పుడు తనకు పాడిన అలిసెట్టి గాలెయ్య పేరు అందులో రాశారు. ఒక విదేశీ పండితుడికి సాధ్యమైన ఆ పని మన చిత్రాలకు సాధ్యం కాకపోవడానికి కారణం కనబడదు. ప్రదర్శకుడికి 1994 నుంచి హక్కులున్నాయి, 2012 నుంచి వ్యాపారంగా వాడుకుంటే రాయల్టీకి కూడా అర్హుడు. క్యూ షీట్‌లో పాట సాంప్రదాయికమని, గానం ఫలానావారిదని, పంబ ఫలానావారిదని, అదనపు సంగీతం తనదని విడివిడిగా రాస్తే సంగీత దర్శకుడి వాటా తగ్గదు, రుజువవుతుంది. ప్యాకేజీ ఒప్పందంలోనే పాడినవాళ్ళ పారితోషికాన్ని స్టూడియో అద్దెతో కలపకుండా వేరే పద్దుగా అడగాలి. చిన్న చిత్రాల్లో ఆ పట్టిక నింపగలిగింది సంగీతం చేసినవాడే, ఎందుకంటే పంబ ఏ సెకనులో ఆగి తన స్వరం ఏ సెకనులో మొదలైందో తెలిసింది అతనొక్కడికే.